పగటి నిద్రకు కాపలా

పగటిపూట నిద్రపోయే మగవాళ్ళకు కాపలా కాయడం నా ఉద్యోగం. ఇట్లా చెబితే మా మనవలు నవ్వుతారు. నవ్వనివ్వండి. బిట్రగుంట రైల్వే కాలనీలో ఆ ఉద్యోగం చేసే ఇద్దరు పిల్లలను పెంచాను, వాళ్ళకు చదువు చెప్పించాను, ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. ఇప్పటి పిల్లలు కుర్చీలో కూర్చొని చేసే ఉద్యోగాల్లో కూడా నడుము నొప్పి అంటారు, నిద్ర పట్టడం లేదంటారు, మనసు బాగాలేదని సెలవు పెడతారు. వాళ్ళను చూసి మా కాలంలో ఇవన్నీ లేవని అనే ముసలివాళ్ళు ఉన్నారు. నేను ఆ మాట అనను. మా కాలంలో అన్నీ ఉన్నాయి, చెప్పుకునే వీలే లేదు. చెప్పుకోకపోతే ఏమవుతుందో దగ్గరుండి చూసిన దాన్ని కాబట్టి మీకు చెబుతున్నాను. నేను చదివింది మూడో తరగతి. రాతలో తప్పులుంటే సరిదిద్దుకొని చదవండి, కాగితం మాత్రం పారెయ్యకండి.

మాది బోగోలు పక్కన పల్లె. మా నాయన వరి పండించేవాడు. నన్ను రైల్వే షెడ్డులో కలాసీగా ఉన్న ఆయనకు ఇచ్చి చేశారు. అవి బొగ్గు ఇంజన్ల రోజులు. బండిని వదిలి వచ్చిన ఇంజను షెడ్డులో గుంట మీద నిలబడితే, ఆ గుంటలోకి దిగి ఇంజను కింద నుంచి కాలే బూడిద లాగడం మా ఆయన పని. సాయంత్రం ఇంటికొస్తే కళ్ళు తప్ప మనిషి కనబడేవాడు కాదు. తలంటి పోస్తే నల్ల నీళ్ళు పారేవి. ఒంటి మీది బూడిద కడిగితే పోయింది, ఛాతీలోకి పోయింది మాత్రం పోలేదు. దగ్గి దగ్గి చిన్న వయసులోనే వెళ్ళిపోయాడు. షెడ్డు పెద్దలు జాలిపడి నన్ను రన్నింగ్ రూములో పనికి పెట్టుకున్నారు. పంతొమ్మిది వందల యాభైలు చివరికొచ్చిన రోజులవి.

రన్నింగ్ రూమంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు. బెజవాడకూ మద్రాసుకూ మధ్యలో మా ఊరు. బెజవాడ నుంచి రాత్రంతా బండి నడుపుకొచ్చిన డ్రైవరు, ఫైర్‌మన్, గార్డు మా ఊళ్ళో దిగి, పగలు విశ్రాంతి తీసుకొని, ఇంకో బండి పట్టుకొని వెనక్కి పోవాలి. వాళ్ళు తిని పడుకోవడానికి రైల్వేవాళ్ళు కట్టిన పెంకుటిల్లే అది. చిన్న చిన్న గదులు, ఇనప మంచాలు, వెనక వంటగది. గదులు ఊడ్చడం, దుప్పట్లు మార్చడం, అంట్లు తోమడం, కిటికీలకు గోనెపట్టాలు కట్టి నీళ్ళు చల్లడం నా పనులు. అన్నిటికన్నా పెద్ద పని నిశ్శబ్దం. వాళ్ళు నిద్రపోతుంటే పక్కనే షంటింగ్ ఇంజను కూత పెట్టినా కదలరు గానీ, వంటగదిలో గరిటె జారిపడితే లేచి కూర్చుంటారు. అందుకని కాకులను తోలడం, ఐసుఫ్రూటు వాణ్ణి దూరంగా పంపడం, పిల్లలను కాలనీ అవతలికి అదిలించడం అన్నీ నేనే. ఆ అలవాటు ఈ రోజుకీ పోలేదు. నా ఇంట్లో తలుపు దబాలున వేసినవాళ్ళకు నా చేత మాట పడకుండా గడవదు. అది నా ఉద్యోగం నాకు అంటించిన జబ్బు.

ఏ పని మనిషికి ఏ జబ్బు అంటిస్తుందో అక్కడే తెలుసుకున్నాను. ఫైర్‌మన్లది ఒంటి కష్టం. పార పట్టి గంటలకొద్దీ బొగ్గు వేసి వేసి నడుములు పడిపోయేవి, చేతుల మీద కాలిన మచ్చలు లేని ఫైర్‌మన్‌ను నేను చూడలేదు. కానీ అన్నం కుండెడు తిని, మంచం మీద పడితే శవంలా నిద్రపోయేవాళ్ళు. గార్డులది ఒంటరితనం. బండి చివర పెట్టెలో రాత్రంతా ఒక్కడే కూర్చొని వచ్చిన మనిషి, దిగగానే కనబడిన వాళ్ళందరితో మాట్లాడేవాడు. ఒక గార్డు నేను తోముతున్న గిన్నెలతో కూడా మాట్లాడేవాడని వంటాయన ఎగతాళి చేసేవాడు. ఇక కాల్‌మన్. బండి సిద్ధమైనప్పుడు వచ్చి డ్రైవర్లను నిద్రలేపి పిలుచుకుపోయే మనిషి. జీవితమంతా నిద్ర చెడగొట్టి తిట్లు తినడమే ఆయన పని. మా ఆయనకు స్నేహితుడు, నన్ను వదినా అనేవాడు. పాపం, సంతకెళ్ళి వంకాయలు అడిగినా ముందు క్షమించమన్నట్టు నవ్వి తరవాత అడిగేవాడు.

డ్రైవర్లది వేరే. వాళ్ళ ఒళ్ళు అంతగా అలవదు. రెండు కళ్ళూ పట్టాల మీదే పెట్టి, వెనక వస్తున్న బరువంతా తన చేతిలో ఉందని తెలిసి కూర్చోవడం వాళ్ళ కష్టం. అది బయటికి కనబడదు.

అక్కడ అన్నం సంగతి ఒకటి చెప్పాలి. ఎవరి బియ్యం, పప్పు, చింతపండు వాళ్ళే పెట్టెలో మూట కట్టుకొని తెచ్చుకునేవాళ్ళు. వంటాయన ఎవరిది వాళ్ళ గిన్నెలో విడివిడిగా వండాలి. అందరిదీ కలిపి ఒకే గుండిగలో వండితే సగం బొగ్గు మిగులుతుంది గదా అని నేను ఆయనతో పోట్లాడేదాన్ని. వంటాయన సూళ్ళూరుపేట అవతలి మనిషి, మాటలో కాస్త అరవ యాస. ఇంటి బియ్యం తింటేనే ఇంట్లో తిన్నట్టు ఉంటుందమ్మా వాళ్ళకి, నీ మిగులు నువ్వే దాచుకో అనేవాడు. గిన్నెలు తోమేది నేను కాబట్టి ఎవరి గిన్నెలో ఎంత మిగిలిందో నాకు తెలిసేది. మిగిలితే నాకు ఒళ్ళు మండేది. వరి కోసి, నూర్చి, దంచిన చేతులు నావి. అన్నం పారేసే మనిషి డ్రైవరైనా సరే, మొహం మీదే చెప్పేదాన్ని.

బెజవాడ డ్రైవరు ఒకాయన గిన్నె మాత్రం ఎప్పుడూ తోమినట్టే వచ్చేది. యాభై దాటిన మనిషి. ఇంజన్లు తుడిచే కుర్రవాడిగా చేరి, ఫైర్‌మన్ అయ్యి, డ్రైవరైనవాడు. దిగగానే సబ్బుతో చేతులు మోచేతుల దాకా రుద్ది కడిగి, చొక్కా మడతపెట్టి, మెతుకు మిగల్చకుండా తిని, కంచం తనే కడిగి బోర్లించేవాడు. ఆయన మీద నాకు గౌరవం కలగడానికి ఇంకో కారణం అక్కర్లేదు. నన్ను అమ్మాయ్ అని పిలిచేవాడు. ఆయన ఫైర్‌మన్ మన అల్లూరు కుర్రవాడు, ముప్పై లోపు. నన్ను అక్కా అనేవాడు. ఆ ఇద్దరూ జత. మాట్లాడుకోకుండానే పని జరిగిపోయేది.

ఒక ఎండాకాలం పొద్దున వాళ్ళ గూడ్సు బండి కింద మనిషి పడ్డాడని కాల్‌మన్ చెప్పాడు. వంపు తిరిగినచోట, బర్రెలను తోలుకొస్తున్న ముసలాయన పట్టాల మీదికి వచ్చాడట. కూత వినబడలేదో, చెవుడో. అంత బరువు బండి బ్రేకు వెయ్యగానే నిలబడేది కాదు. డ్రైవరు తప్పేమీ లేదని పెద్దలు కూడా తేల్చారు. షెడ్డులో ఇంజను చక్రాలు కడిగి, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టారు. ఇంజనుకు చెయ్యాల్సింది చేశారు. ఆ ఇద్దరు మనుషులూ వచ్చి, స్నానాలు చేసి, సాయంత్రం ఇంకో బండి ఎక్కి పోయారు.

రన్నింగ్ రూములో ఒక ఆచారం ఉండేది. బండి కింద మనిషి పడితే ఆ మాట ఆ కప్పు కింద ఎత్తకూడదు. ఎత్తితే విన్నవాడి బండి కిందికి ఇంకొకరు వస్తారని నమ్మకం. అందుకని ఆ రోజు ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ ఎండల గురించి మాట్లాడుకున్నారు.

రెండు మూడు ట్రిప్పుల తరవాత ఆ డ్రైవరు గిన్నెలో అన్నం మిగిలింది. మళ్ళీ ట్రిప్పులో సగానికి సగం మిగిలింది. నేను ఊరుకుంటానా? అయ్యా, బియ్యం ఊరికే పండటం లేదని చెప్పాను. ఆయన తల ఊపాడు. ఆ తరవాత నుంచి చిన్న మూట తెచ్చుకోవడం మొదలుపెట్టాడు, గిన్నె మళ్ళీ ఖాళీగా వచ్చింది. మంచి మాట చెబితే విన్నాడని నేను సంతోషపడ్డాను. కడుపులో మంటేమోనని వాము నీళ్ళు కూడా కాచి ఇచ్చాను. నా వైద్యం అంతవరకే.

దుప్పటి దగ్గర నాకు అనుమానం వచ్చింది. ఆయన గది దుప్పటి నేను పరిచింది పరిచినట్టే ఉండేది. తలగడ మీద తల పెట్టిన గుర్తు లేదు. సబ్బు ఖర్చు లేకుండా పోయిందని మొదట అనుకున్నాను, నా బుద్ధి అటువంటిది. తరవాత ఒక మధ్యాహ్నం కిటికీ గోనెకు నీళ్ళు చల్లుతూ లోపలికి చూస్తే, ఆయన కుర్చీలో నిటారుగా కూర్చొని ఎదురుగా గోడను చూస్తున్నాడు. పట్టాలను చూసినట్టు. పడుకోలేదేమని అడిగితే, రాత్రి ఇంటి దగ్గర బాగా పడుకున్నానమ్మాయ్ అన్నాడు. ఇంట్లో వాళ్ళావిడకు ఏం చెబుతున్నాడో ఫైర్‌మన్ తరవాత నాకు చెప్పాడు. బిట్రగుంటలో బాగా పడుకున్నానని చెబుతున్నాడట. రెండు చోట్లా ఒకేసారి చూసే మనిషి ఎవరున్నారు?

ఫైర్‌మన్ ఆ మాట తనంతట తాను చెప్పలేదు. ఒకరోజు చెయ్యి మణికట్టు దాకా బొబ్బలెక్కి వచ్చాడు. సున్నపు తేట, కొబ్బరినూనె గిలకొట్టి రాసి గుడ్డ కడుతూ, ఇన్నేళ్ళ పనివాడివి ఇట్టా ఎట్టా కాల్చుకున్నావని కోప్పడ్డాను. మొదట నవ్వాడు. తరవాత వంటగది గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు.

"రెండు పనులు చేస్తే కాలదా అక్కా. బొగ్గు వేసేది నేనే, బండి తోలేది నేనే."

"ఆయన ఏం జేస్తా ఉండాడు?"

"కూచోని ఉంటాడు. కొన్నిచోట్ల ఉన్నట్టుండి ఆవిరి ఆపేస్తాడు. లైను మీద మనిషి ఉండాడంటాడు. నేను చూస్తే ఎవురూ ఉండరు. బండి లేటైతే అడుగుతారని నేనే మళ్ళీ పరిగెత్తిస్తా ఉండా." చెయ్యి వెనక్కి లాక్కొని అన్నాడు, "ఎవురికీ చెప్పబాక. ఇంజను దించేస్తారు."

ఇంజను దించడమంటే ఏమిటో ఆ కాలనీలో పసిపిల్లలకు కూడా తెలుసు. కళ్ళు తగ్గాయనో, ఒళ్ళు బాగాలేదనో డాక్టరు రాస్తే ఆ డ్రైవరు మళ్ళీ ఇంజను ఎక్కడు. షెడ్డులో ఏదో మూల పని ఇస్తారు. జీతంలో కోత సంగతి అట్లా ఉంచండి, నిన్నటి దాకా లేచి నమస్కారం పెట్టినవాళ్ళు చూసీ చూడనట్టు పోతారు. కళ్ళు పోయినవాడికైనా జాలి దొరుకుతుంది. మనసు బాగాలేదని దిగిన డ్రైవరు అప్పటికి మా షెడ్డులో ఒక్కడూ లేడు. దిగితే ఏమంటారో ఊహించడం కష్టం కాదు.

నేను వంటాయనను అడిగాను. ఆయన పొయ్యి ఊదడం ఆపకుండానే, ఇక్కడ చూసింది ఇక్కడే వదిలెయ్యాలమ్మా, మనం బయట చెబితే రేపటి నుంచి ఎవరూ మన ముందు కూర్చొని తినరు అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకని బయట చెప్పలేదు. నేరుగా ఆ డ్రైవరుకే చెప్పాను. ఆసుపత్రి ఎదురుగానే ఉంది, డాక్టరు మంచాయన, ఒకసారి పోయి రమ్మన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. మీసం సవరించుకొని మెల్లగా అన్నాడు.

"అమ్మాయ్, నీ పని చీపురు. నా పని ఇంజను. ఎవరి పని వాళ్ళు చూసుకుందాం."

"చూసుకుందామండీ. గదిలో మనిషి నిద్రపోయినాడో లేదో చూసేది గూడా నా పనే," అన్నాను.

ఆయన పెట్టె తీసుకొని వెళ్ళిపోయాడు.

ఆ తరవాత కొన్నాళ్ళకు, బాగా ఉక్కపోసే ఒక రోజు, వాళ్ళిద్దరూ పొద్దున దిగారు. డ్రైవరు కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. చెంపలు లోపలికి పోయాయి. అన్నం ముట్టలేదు. నేను ఈసారి ఏమీ అనలేదు. కుర్చీ బయటికి తీసుకొచ్చేశాను. కూర్చోవాలంటే మంచమే దిక్కు. గోనెపట్టాల మీద రెండింతలు నీళ్ళు చల్లి, గదిని చీకటి చేశాను. చాలాసేపు మంచం అంచున కూర్చున్నాడు. మధ్యాహ్నం తొంగి చూస్తే పక్కకు ఒరిగి ఉన్నాడు. నోరు తెరుచుకొని, ఒక చెయ్యి కిందికి వేలాడేసి, గురక పెడుతున్నాడు. పసిపిల్లాడికి జ్వరం దిగితే తల్లికి ఎట్లా ఉంటుందో అట్లా ఉంది నాకు. తలుపు దగ్గరికి వేసి గుమ్మం ముందు పీట వేసుకున్నాను.

కూర్చున్నానో లేదో కాల్‌మన్ వచ్చాడు. బెజవాడ వైపు పోవాల్సిన గూడ్సుకు మనుషులు చాల్లేదట. విశ్రాంతి టైము పూర్తికాకుండా పిలిస్తే డ్రైవరు రానని చెప్పవచ్చు, అది రూలే. కానీ రానన్న డ్రైవరు లేడు. రానంటే చేతకావడం లేదని అర్థం తీస్తారు. ఈయనైతే అసలు అనడు.

"వదినా, డ్రైవరు గారిని లేపాల. బండి నిలబడి ఉండాది," అన్నాడు కాల్‌మన్.

"లేపబాక. ఇప్పుడే పడుకున్నాడు."

"పొద్దున దిగినాడు గదా?"

"దిగింది పొద్దున. నిద్ర పట్టింది ఇప్పుడు. నెలల తరబడి పట్టనిది."

కాల్‌మన్ తన మామూలు నవ్వు నవ్వాడు. "లేపితే తిట్లు తినేది నేను గదా. నీకేంది?"

"ఈ పొద్దు నువ్వు తినబళ్ళేదు. తలుపు తియ్యనంది అని పోయి ఫోర్‌మన్ గారికి చెప్పు."

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఉద్యోగం పోతుంది వదినా. నాది గాదు, నీది."

నాకు తెలియక కాదు. నా ఇద్దరు పిల్లలూ అప్పుడు బడిలో ఉన్నారు. ఉద్యోగం పోతే క్వార్టరు కూడా పోతుంది. మా అన్న ఇంటి వసారాలో బతకాలి. పీట మీద నుంచి లేవాలని ఒకసారి అనిపించింది. అయితే ఆ గూడ్సు వెళ్ళే దారిలో ఎంతమంది బర్రెలు తోలుకుంటూ ఉంటారో కూడా అనిపించింది. ఇప్పటిదాకా లేని మనిషిని చూసినవాడు, రేపు ఉన్న మనిషిని చూసి కూడా లేడనుకుంటే? నేను లేవలేదు.

షెడ్డుకంతా పెద్ద అయిన ఫోర్‌మన్ గారే వచ్చారు. కోపంతో మొహం ఎర్రగా ఉంది. అయినా వరండా ఎక్కగానే గొంతు దించేశారు. రన్నింగ్ రూములో అడుగుపెడితే ఎంతటివాడికైనా ఆ అలవాటు వచ్చేస్తుంది. మా పోట్లాట అంతా గుసగుసల్లోనే జరిగింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు.

"ఆయనకు జబ్బా?" అన్నారు.

"జబ్బో కాదో నాకు తెలియదండీ. నిద్ర లేదని తెలుసు."

"నువ్వు డాక్టరువా?"

"కాదండీ. ఊడ్చేదాన్ని."

"అయితే పక్కకు జరుగు."

నేను జరగలేదు. ఈలోగా పక్క గదిలో నుంచి ఫైర్‌మన్ లేచి వచ్చాడు, చేతికి నేను కట్టిన గుడ్డతోనే. ఫోర్‌మన్ గారు ఆయన వైపు తిరిగి, నీ డ్రైవరుకు ఏమైనా ఉందా అని అడిగారు. ఏమీ లేకపోతే లేదని చెప్పు, ఈమె సంగతి నేను చూసుకుంటానన్నారు.

ఆ కుర్రవాడు ఇరుక్కుపోయాడు. లేదంటే నా పని అయిపోతుంది. ఉందంటే తనకు పని నేర్పిన మనిషి జీవితం అయిపోతుంది. నన్ను చూశాడు, మూసిన తలుపును చూశాడు, తన చేతిని చూసుకున్నాడు. నేను చెప్పమని సైగ చెయ్యలేదు, వద్దని కూడా చెయ్యలేదు.

"ఆయన లైను మీద లేని మనిషిని చూస్తా ఉండాడు సార్," అన్నాడు. గుసగుసగా కాదు, గట్టిగా, ఇన్నాళ్ళూ పట్టుకున్నది ఒక్కసారి జారిపోయినట్టు. "ఆ ముసలాయన పడినకాడి నుంచి. బండి తోలేది నేను. ఇంక నా వల్ల గాదు."

నా వీపు వెనక తలుపు తెరుచుకుంది. డ్రైవరు బనీనుతో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ఆయన లోపలికి పోయి, చొక్కా తొడుక్కొని గుండీలన్నీ పెట్టుకున్నాడు. దుప్పటి మడతపెట్టాడు. పెట్టె చేతిలోకి తీసుకొని బయటికొచ్చి ఫైర్‌మన్ ముందు ఆగి, ఆ చేతికి కట్టు మార్పించుకోరా అన్నాడు. నా వైపు చూడలేదు. మెట్లు దిగి స్టేషను వైపు కాకుండా ఆసుపత్రి వైపు నడిచాడు. ఫోర్‌మన్ గారు టోపీ తీసి చేతిలో పట్టుకొని ఆయన వెనకే వెళ్ళారు.

డాక్టరు ఆయనను కొన్నాళ్ళు ఉంచుకొని మద్రాసు పంపారు. తిరిగొచ్చాక ఇంజను ఎక్కకూడదని రాశారు. కొత్తగా చేరిన కుర్రవాళ్ళకు సిగ్నళ్ళు, నిప్పు నడిపే తీరు నేర్పే పని మా షెడ్డులోనే ఇచ్చారు. భార్యాపిల్లలను తెచ్చుకొని మా కాలనీలోనే కాపురం పెట్టాడు. నా ఉద్యోగం పోలేదు. గట్టిగా మందలించి, కొన్నాళ్ళు ప్లాట్‌ఫారం మీద నీళ్ళకుండల దగ్గర కూర్చోబెట్టి, మళ్ళీ రన్నింగ్ రూముకే పంపారు.

పోనిదల్లా డ్రైవర్ల కోపం. వంటాయన చెప్పినట్టే అయింది. చాలాకాలం వాళ్ళు తమ గిన్నెలు నా చేత తోమించుకోలేదు. నేను వరండాలోకి వస్తే మాటలు ఆగిపోయేవి, పోలీసమ్మ వచ్చిందని ఒకరు అంటే మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. అల్లూరు కుర్రవాణ్ణి తమ ఇంజను మీదికి ఎక్కించుకునేది లేదని కొందరు ఖరాఖండిగా చెప్పారు. నేను బాధపడలేదని చెబితే అబద్ధం. చేసింది తప్పని మాత్రం ఒక్కరోజు కూడా అనుకోలేదు. గిన్నెలు తగ్గాయి, తోమే బూడిద మిగిలింది, అంతే.

ఇంజను దిగిన ఆ పెద్దాయన అంతకన్నా గట్టివాడు. రోజూ రన్నింగ్ రూము ముందు నుంచే షెడ్డుకు పోయేవాడు. ఎదురుపడితే పక్కకు తప్పుకునేవాడు. మొహంలో రంగు వచ్చింది, చెంపలు నిండాయి, వాళ్ళావిడ నాతో కొళాయి దగ్గర నవ్వుతూ మాట్లాడేది. ఆయన మాత్రం ఏళ్ళ తరబడి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మనిషి బాగుపడటం వేరు, మనల్ని క్షమించడం వేరని అప్పుడు తెలిసింది. మొదటిది జరిగితే చాలనుకొని నేను నా చీపురు పట్టుకున్నాను.

అరవైలు సగం దాటాయి. అల్లూరు కుర్రవాడు డ్రైవరయ్యాడు. ఒక పొద్దున ఆయన వరండా ఎక్కి వచ్చిన తీరు చూసే నాకు అర్థమైంది. ఆయన బండి కింద కూడా మనిషి పడ్డాడు. ఈసారి ఆడమనిషి, తలమీద గడ్డిమోపు. వరండాలో ఉన్నవాళ్ళందరూ పేపరు చదవడం మొదలుపెట్టారు. ఆయన చేతులు కూడా కడుక్కోకుండా గదిలోకి పోయి మంచం మీద కూర్చున్నాడు. నీళ్ళు ఇచ్చాను, తాగలేదు. తలుపు దగ్గరికి వేసి గుమ్మంలో నిలబడ్డాను.

షెడ్డు నుంచి పెద్దాయన వచ్చాడు. కబురు ఎవరు చెప్పారో తెలియదు. చేతులకు నూనె మరకలు అట్లాగే ఉన్నాయి. నా ముందుకొచ్చి ఆగాడు.

"పడుకున్నాడా?" అన్నాడు.

"లేదండీ."

"లోపలికి పోవచ్చా?"

నేను పక్కకు జరిగాను. ఆయన లోపలికి పోయి మంచం అంచున, ఆ కుర్రవాడి పక్కన కూర్చున్నాడు. తలుపు వెయ్యమనలేదు. ఆ కప్పు కింద ఎవరూ ఎత్తకూడని మాట ఎత్తాడు. తన బండి కింద పడ్డ ముసలాయన సంగతి మొదటి నుంచి చెప్పాడు. బర్రె ఏ వైపు తిరిగింది, ఆయన చేతిలో కర్ర ఎట్లా ఎగిరింది, తరవాత ప్రతి వంపులోనూ ఆయన ఎట్లా నిలబడేవాడు, ఇంటి దగ్గర కళ్ళు మూసుకొని పడుకున్నట్టు నటించడం ఎంత కష్టం. గొంతు తగ్గించలేదు. వరండాలో పేపర్లు దిగాయి. ఒకరిద్దరు లేచి వెళ్ళిపోయారు, మిగతావాళ్ళు విన్నారు. చివరికి ఆ కుర్రవాడు నోరు తెరిచాడు. ముందు ఏడ్చాడు, తరవాత చెప్పాడు. వంటాయన ఎవరి బియ్యమో చూడకుండా అన్నం తెచ్చి పెట్టాడు. ఆ కుర్రవాడు తిన్నంత తిని గోడవైపు తిరిగి పడుకున్నాడు. లేచాక తనే డాక్టరు దగ్గరికి తీసుకుపోతానని పెద్దాయన మాట ఇచ్చాడు.

బయటికి వస్తూ గుమ్మంలో ఆగాడు. ఈసారి నా మొహం చూసే మాట్లాడాడు.

"నా ఇంజను దించినందుకు నీ మీద కోపం పోలేదమ్మాయ్. పోదు కూడా. కాల్‌మన్ వస్తే మాత్రం వీణ్ణి లేపనివ్వకు."

"అట్టాగేనండీ," అని, పీట తెచ్చుకొని తలుపు ముందు కూర్చున్నాను.